మూడో చుక్క

మొన్న గురువారంతో నా భార్య పోయి ఏడాది నిండింది. ఆ ఏడాదీ ఆమె మంచం ఉండిన గోడ జోలికి ఎవరూ పోవద్దని నేనే అన్నాను. నిండిన రెండు రోజులకే నా కూతురు నన్ను షాపుకు లాక్కొచ్చింది. ఆ బోడిగోడకు ఒక బొమ్మ కొనాలట. దేవుళ్ళు వద్దు, మనుషులు వద్దు, చూస్తే మనసు కుదుటపడే రంగులు మాత్రం ఉండాలట. అలాంటి బొమ్మలు అచ్చువేసి, ఫ్రేము కట్టి అమ్మే షాపు మా ఊళ్ళో ఒక్కటే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను అద్దాలు కోసిన షాపు.

లోపలికి వచ్చి బల్ల ముందు ఆగాం. అమ్మకాల అమ్మాయి ఒక బొమ్మ తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. నీలం రంగు నేల, మధ్యలో ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు, వాటి చుట్టూ బంగారు రంగు చుక్కలు. కుంచెతో పెట్టినవి కావు, వేళ్ళతో అద్దినవి. నాలుగేసి చుక్కలు ఒక్కొక్క అద్దు. ప్రతి నాలుగింటిలోనూ మూడోది పొట్టిది.

నా భార్య కుడిచేతి ఉంగరపు వేలికి కొస లేదు.

"ఇది ఎవరు వేశారు?" అన్నాను.

అమ్మాయి వెనకాల అంటించిన చీటీ చూసింది. "పేరు లేదు సార్. 'అంతర్జ్యోతి, అయిదు' అని ఉంది. ఆత్మ పరమాత్మలో కలిసిపోవడం సార్. పడకగదిలో పెట్టుకుంటే నిద్ర బాగా పడుతుంది. గ్యాసు కూడా తగ్గిందని ఒక మేడమ్ చెప్పారు."

"మీ యజమానిని పిలు."

"చిన్నబాబుగారు లోపల భోంచేస్తున్నారు సార్."

చిన్నబాబుకు అరవై దాటాయి. తల మీద వెంట్రుక లేదు. తండ్రి పోయి పాతికేళ్ళయినా ఈ షాపులో అతను ఇంకా చిన్నబాబే.

"పిలుస్తావా, నన్నే పొమ్మంటావా? లోపలికి దారి నీకంటే నాకు బాగా తెలుసు."

ఆ అమ్మాయి వెళ్ళింది. నా కూతురు మోచెయ్యి పట్టుకుంది. "ఏమైంది నాన్నా? నచ్చకపోతే ఇంకోటి చూద్దాం. షాపులో అరవకు."

"చుక్కలు చూడు."

"చూశా. బాగానే ఉన్నాయి."

"చూడలేదు. నాలుగు చుక్కల మీద నీ నాలుగు వేళ్ళు పెట్టు."

అద్దం మీద పెట్టింది. మూడు వేళ్ళు చుక్కల మీద సరిగ్గా కూర్చున్నాయి. ఉంగరపు వేలు చుక్క దాటి పైకి పోయింది. పక్కన ఇంకో నాలుగింటి మీద పెట్టింది. మళ్ళీ అంతే. పొయ్యి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మా డాక్టరుగారి దగ్గర ఇదే ఉంది నాన్నా" అంది. దంతాల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. "జనం కూర్చునే గదిలో. ఆరేళ్ళుగా రోజూ పొద్దున్నే దాన్ని నేనే తుడుస్తున్నా."

నేనూ దాని ఎదుట కూర్చున్నాను, పన్ను పీకించుకున్న రోజు. గంటసేపు. ఆ గదిలో కుర్చీలు ఎన్నో చెప్పగలను. ఆ అద్దానికి కుడివైపు కింది మూల వెంట్రుకంత గీత ఉందని చెప్పగలను. లోపలి బొమ్మ ఏమిటో చెప్పలేను.

అద్దం కోసేవాడు బొమ్మ చూడడు, అంచులు చూస్తాడు. మా షాపులో ఎవరి పని వారిదే. కర్ర కోసి మూలలు కలిపేది, వెనక చెక్క కొట్టేది కొలబద్ద. అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. నిద్రలో కూడా చొక్కా జేబులో కొలబద్ద ఉంటుందని అతని పెళ్ళామే చెప్పేది. అద్దం నాది. కొలతలు రాసిన చీటీ నా బల్ల మీదికి వస్తుంది, నేను గీటు పెడతాను, విరుస్తాను, అంచు అరగదీస్తాను. బొమ్మ ముఖం కిందికి ఉంటే ఏమిటి, పైకి ఉంటే ఏమిటి?

అంచు అరగదీయడం ఒక్కసారి మరిచాను. పంతొమ్మిదేళ్ళ కిందట, మా వంటింటి అలమరకని ఒక అద్దం ముక్క తెచ్చి అలాగే పెట్టాను. రేపు అరగదీద్దామనుకున్నాను. ఆమె గిన్నె తీయబోయి చెయ్యి జార్చింది. రక్తం చూసి నేను అన్న మాట, "చూసుకోవద్దా?"

ఆమె ఏమీ అనలేదు. ఆమె అన్న అన్నాడు. ఆస్పత్రి వరండాలో, నలుగురి ముందు, "నా చెల్లెలి చెయ్యి నువ్వే కోశావు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకూ నాకూ మాటల్లేవు.

చిన్నబాబు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. అతని వెనక కొలబద్ద. నన్ను చూడగానే కొలబద్ద ముఖం వికసించింది.

"ఏమోయ్ అద్దం! ఇంట్లో పొద్దుపోవడం లేదా? మళ్ళీ పనిలోకి వస్తావా ఏం? నీ బల్ల మీద ఇప్పుడు మిషను కూర్చుంది. నీలాగే అదీ ఎవరితోనూ మాట్లాడదు."

చిన్నబాబు నవ్వలేదు. అతను బల్ల మీద బొమ్మ చూశాడు. నన్ను చూశాడు. తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"ఇన్నేళ్ళకా మేస్త్రీ?" అన్నాడు.

కొలబద్ద తల దించి జేబులో బద్ద సర్దుకున్నాడు.

"ఇది ఎవరు వేశారు బాబూ?"

"తెలిసే అడుగుతున్నావు."

"మీ నోటితో వినాలి."

"మీ ఆవిడ."

కూతురు పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. నేను కూర్చోలేదు.

"నాకు తెలియకుండా నా ఇంట్లోంచి బొమ్మలు తెచ్చుకుని అమ్ముకున్నారా?"

"తెచ్చింది నేను కాదు, నువ్వే" అన్నాడు చిన్నబాబు. "పద్నాలుగేళ్ళ కిందట అద్దాల మధ్య పెట్టడానికి షాపులో పాత పేపర్లు అయిపోయాయి. ఇంటి నుంచి ఒక కట్ట దళసరి కాగితాలు తెచ్చావు. గుర్తుందా?"

గుర్తుంది. అద్దం మీద అద్దం ఉత్తిగా పెడితే గీతలు పడతాయి. మధ్యలో కాగితం ఉండాలి. మా బీరువా మీద కట్ట ఒకటి కనపడింది. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు ఏవో రంగులు. పిల్ల బడిలో వేసినవనుకున్నాను. చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం ఆమె అడిగింది.

"బీరువా మీద కాగితాలు ఏవండీ?"

"అద్దాల మధ్య పెట్టా. అవసరమైనవా?"

"కాదు" అంది.

అంతే. ఆ రోజు కంచంలో ఏం వడ్డించిందో కూడా నాకు గుర్తు లేదు.

"ఆ అద్దాలు ఒక ఆస్పత్రికి పోవాల్సినవి" అన్నాడు చిన్నబాబు. "ఎక్కించే ముందు విప్పి చూశాను. ప్రతి అద్దం కిందా ఒక బొమ్మ. నలభై దాకా ఉన్నాయి. నాలుగు తప్ప అన్నీ తేమకు అద్దానికి అంటుకుని చిరిగిపోయాయి. మిగిలినవి పట్టుకుని మీ ఇంటికి వెళ్ళాను. అప్పుడు నువ్వు ఇక్కడే నీ బల్ల దగ్గర ఉన్నావు."

"ఏమంది?"

"'అద్దాలకు గీతలు పడలేదు కదండీ?' అని అడిగింది."

అమ్మకాల అమ్మాయి ఇంకో బొమ్మ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అవి బొమ్మలమ్మా, కాగితాలు కావు అన్నాను. నమ్మలేదు. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది. అసలు ఇదేమిటమ్మా, ఈ వలయాలు అంటే ఏమందో తెలుసా? 'నేల తుడిచాక తడి ఆరుతుంది చూడండి, ముందు చుట్టూ ఆరి, మధ్యలో చివరికి. అదే' అంది. ఆ మాట చీటీ మీద రాస్తే ఎవడు కొంటాడు మేస్త్రీ? 'అంతర్జ్యోతి' అని నేను పెట్టాను. జనం దాని ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటున్నారు."

"నువ్వు బాగుపడ్డావు" అన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు 'మీరు' అన్న నోటితో.

"పడ్డాను" అన్నాడు, తప్పించుకోకుండా. "ఆమెకు ఇవ్వబోయాను. తీసుకోలేదు. రంగులు అడిగింది, మంచి కాగితాలు అడిగింది. ఇంకొక్క మాట అడిగింది."

"ఏం మాట?"

"'ఫ్రేము ఎవరైనా కట్టనీయండి. అద్దం మాత్రం ఆయన చేత కోయించండి' అంది."

కోశాను. వందలు కోశాను. అసలు బొమ్మలకూ కోశాను, అచ్చువేసిన వాటికీ కోశాను. చేతులకు తెలుసు. ఇరవైకి ముప్ఫై అంగుళాలు. పద్దెనిమిది ఇరవై నాలుగు. కళ్ళకు తెలియదు.

"నువ్వు కిటికీ అద్దాలు బిగించడానికి బయటికి పోయిన రోజుల్లో వచ్చేది" అన్నాడు. "వెనక గుమ్మంలోంచి. కూర్చోమన్నా కూర్చునేది కాదు. వచ్చిన ప్రతిసారీ ఒక్కటే మాట. 'ఆయన చూశారా?' అని. నేనేం చెప్పను? 'కొలిచాడమ్మా' అనేవాడిని."

"నాకు చెప్పొచ్చు కదా! ఒక్క మాట! రోజూ పొద్దున్నే ఈ ముఖం చూసేవాడివి కదా!"

"చెప్పొద్దంది. చెప్తే చూస్తాడు, చెప్పకుండా చూడాలి అంది."

కొలబద్ద గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకోవడం నేనెప్పుడూ వినలేదు. అంతకు ముందే మాట్లాడేసే మనిషి.

"ఒకసారి నేనే నీకు చూపించానోయ్, అద్దం. నీ ముక్కు ముందు బొమ్మ ఎత్తి పట్టుకుని ఎలా ఉందోయ్ అన్నాను. ఆ రోజు నువ్వు ఊరవతలికి పోవాల్సింది, బండి రాక ఆగిపోయావు. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తు లేదు.

"'చెయ్యి తుడుచుకున్న గుడ్డలా ఉంది' అన్నావు."

"అది ఆమెతో చెప్పావా?"

కొలబద్ద చిన్నబాబు వైపు చూశాడు. చిన్నబాబు నేల చూశాడు.

"చెప్పావా అంటున్నా!"

"చెప్పే పని లేకపోయింది" అన్నాడు కొలబద్ద. "మెట్ల కింద నిలబడి ఉంది. ఆమె అడిగితేనే నేను ఎత్తి పట్టుకుంది."

నా కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వినపడకూడదని. తల్లి అలవాటే.

నేను ఏడవలేదు. ఆ ఏడుపుకు నాకు అర్హత లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఉంటాను. చెప్పులు విడిచి ఉంటాను. ఆమె మంచినీళ్ళు ఇచ్చి ఉంటుంది, ఆ నాలుగు వేళ్ళతోనే. నేను తాగి గ్లాసు తిరిగి ఇచ్చి ఉంటాను. అలాంటి సాయంత్రాలు ఎన్నో, అందులో అది ఏదో ఇప్పుడు ఎలా కనిపెట్టను?

"అసలు బొమ్మలు ఎక్కడ?" అన్నాను.

"పైన, మా ఇంట్లో. పదకొండు. ఒక్కటీ అమ్మలేదు. పద, చూద్దువుగాని."

"పదకొండేనా? వేసినవి అన్నేనా?"

"పన్నెండు" అన్నాడు కొలబద్ద, చిన్నబాబు నోరు తెరిచేలోపే. "ఆఖరిది అచ్చుకు ఇవ్వలేదు. 'ఇది షాపుకు కాదు, ఇంటికి' అంది. నువ్వు పని మానేసే ముందు నెల. పద్దెనిమిది ఇరవై నాలుగు. మొదటి అద్దం గీటు తప్పి విరిగితే రెండోది కోశావు. ఎప్పుడూ గీటు తప్పని వాడివి తప్పావని రోజంతా ఆడుకున్నాను నీతో."

అది గుర్తుంది. విరిగిన అద్దం నాకు గుర్తుంటుంది.

"మా ఇంట్లో అలాంటి బొమ్మ లేదు" అన్నాను. "ఆమె సామానంతా నేనే సర్దాను. లేదు."

"ఉండాలి" అన్నాడు కొలబద్ద. "గోడకు తగిలించే కొక్కెం వద్దంది. నాలుగు మూలలా చిల్లులు పెట్టి మరలు ఇమ్మంది. మంచం తలవైపు పలకకు వెనక బిగించుకుంటానంది. బొమ్మ పలక వైపుకి, వెనక చెక్క గోడ వైపుకి. ఎవరికీ కనపడదు కదమ్మా, ఎందుకు అన్నాను. 'నా తల వెనక ఉంటే నాకు తెలుస్తుంది' అంది."

అప్పుడు కూర్చున్నాను.

ఆ చెక్క నేను చూశాను. వాన వస్తే ఆ గోడ చెమ్మగిల్లేది. మంచం జరిపి తుడిచేటప్పుడు తలపలక వెనక ఒక చెక్క బిగించి ఉంది. అంచుల వెంట మా షాపు టేపు. చెమ్మ తగలకుండా షాపులో పారేసిన ముక్కేదో తెచ్చి కొట్టించుకుందనుకున్నాను. "పనికిరాని చెత్తంతా ఇంటికి మోసుకొస్తావు" అన్నాను కూడా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫ్రేముల మధ్య బతికినవాడిని, ఫ్రేము వీపు చూసి చెక్క ముక్క అనుకున్నాను. వీపు కొలబద్ద పని. నా పని కాదు.

రెండేళ్ళు ఆ మంచం మీదే పడుకుంది. కదల్లేని రోజుల్లో చెయ్యి వెనక్కి పెట్టి తలపలక తడుముతుండేది. నొప్పికి అనుకున్నాను. దిండు సరిచేసేవాడిని.

"నాన్నా" అంది కూతురు. కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆ మంచం ఎవరికి ఇచ్చావు? నేను వచ్చేసరికే లేదు. అడిగితే పారేశానన్నావు."

"మీ మామయ్యకు."

ఆమె నా వంక అలాగే చూసింది. మా ఇంట్లో ఆ మనిషి మాట ఎత్తితే నేను లేచి బయటికి పోతానని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

"ఆయన అడిగాడు" అన్నాను. "పద్దెనిమిదేళ్ళ తర్వాత గుమ్మం ఎక్కాడు. బీరువా తీసుకోమన్నాను, గిన్నెలు తీసుకోమన్నాను. పీడ విరగడవుతుందని. ఏమీ వద్దన్నాడు. మంచం ఒక్కటే చాలన్నాడు. చెల్లెలు పోయిన మంచం ఎవడైనా అడుగుతాడా అని లోపల నవ్వుకున్నాను."

లేచాను. కొలబద్దను మరలు విప్పే పనిముట్టు అడిగాను. జేబులోంచి తీసి ఇచ్చాడు, ఒక్క పరాచికం ఆడకుండా.

"నేనూ వస్తా" అంది కూతురు.

"రా. కానీ నువ్వు మాట్లాడకు. అడగాల్సింది నేను."

ఆయన ఇల్లు నాలుగు వీధుల అవతల. పంతొమ్మిదేళ్ళుగా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాడిని. గుమ్మానికి రంగు మార్చారు. తలుపు కొట్టాను. ఆయనే తీశాడు. ముసలివాడైపోయాడు. నేనూ అయ్యాను. నా చేతిలోని పనిముట్టు చూశాడు, నా వెనక మేనకోడలిని చూశాడు.

దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు గుమ్మంలో పోయాయి.

"బావా" అన్నాను. ఆ పిలుపు నా నోట్లో తుప్పు పట్టింది. "ఆ మంచానికి వెనక ఒక బొమ్మ ఉంది. చూడాలి."

ఆయన కోప్పడతాడనుకున్నాను. తలుపు వేస్తాడనుకున్నాను. తలుపు పూర్తిగా తీశాడు.

"చెల్లెలు నాకు చెప్పే పోయింది" అన్నాడు మెల్లగా. "'ఆయన తనంతట తాను వచ్చి అడిగితే ఇవ్వన్నయ్యా. ఏడాది చూడు. ఏడాదిలోగా రాకపోతే ఆయనకు అక్కర్లేదని అర్థం' అంది. రోజూ చూశాను. తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేననుకున్నాను. గురువారం పొద్దుపోయేదాకా ఈ గుమ్మంలోనే కూర్చున్నాను."

ఈ రోజు శనివారం.

"రాకపోతే ఏం చెయ్యమంది?" అన్నాను.

ఆయన పక్కకు తప్పుకున్నాడు. లోపల గదిలో ఆమె మంచం గోడకు దూరంగా జరిపి ఉంది. తలపలక వెనకభాగం నాకు గుమ్మంలోంచే కనపడింది.

నాలుగు చిల్లులున్నాయి. బొమ్మ లేదు. మరలు లేవు.